పసిబిడ్డ గదికి బస్తర్ సొగసు: పాత ఊయలకు కొత్త మెరుగు పెట్టే విధానం, పాటించవలసిన జాగ్రత్తలు

పురుడు సమీపిస్తున్నదనగానే అటక మీది పాత ఊయలను దించి, తుడిచి, రంగు వేయించడం తెలుగు ఇళ్లలో తరతరాలుగా వస్తున్న అలవాటు. తల్లి పడుకున్న తొట్టిలోనే బిడ్డను కూడా పడుకోబెట్టాలని పెద్దలు కోరుకుంటారు. ఇటీవలి కాలంలో ఈ అలవాటుకు మరొకటి తోడైంది. పుట్టబోయే బిడ్డ కోసం ఒక గదిని, కనీసం గదిలో ఒక మూలను, ఒక ఇతివృత్తం ప్రకారం అలంకరించుకోవాలని యువ దంపతులు ముచ్చట పడుతున్నారు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతపు హస్తకళలు ఇందుకు ఎంతో అనువైనవి. అయితే ఈ పనిలో అందం కంటే ముందుగా ఆలోచించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. పాత రంగులోని సీసం, కర్రల నడుమ సందు, దోమల బెడద వీటిలో ముఖ్యమైనవి. వీటిని పరిష్కరించుకున్న తరువాతే అలంకారానికి పూనుకోవడం మంచిది.

బస్తర్ చేతిపని, తెలుగునేలతో అనుబంధం

బస్తర్‌కు, తెలుగువారికి సంబంధం ఈనాటిది కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ సంప్రదాయం చెబుతుంది. నేటికీ గోదావరి తీరానికి చేరువలోని భోపాలపట్నం, శబరి ఒడ్డున ఉన్న కోంటా ప్రాంతాలలో తెలుగు వినిపిస్తుంది. కొండగావ్, జగదల్‌పూర్, కోంటాల మీదుగా సాగే 30వ నంబరు జాతీయ రహదారి భద్రాచలం దాటి విజయవాడ సమీపానికి చేరుతుంది. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం జగదల్‌పూర్‌ను విశాఖపట్నంతో కలుపుతుంది.

ఈ ప్రాంతపు వడ్రంగం, ఇనుప పని, ఢోక్రా లోహశిల్పం మూడూ భౌగోళిక గుర్తింపు పొందాయి. ఏటా బస్తర్ దసరా ఉత్సవానికి బృహత్తర రథాన్ని ఝార్ ఉమర్‌గావ్, బేడా ఉమర్‌గావ్ గ్రామాల సంప్రదాయ వడ్రంగులు కొత్తగా నిర్మిస్తారు. మైనపు నమూనాపై మట్టి పొదిగి, మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో కరిగిన లోహాన్ని పోసే ఢోక్రా పనిలో ఘడ్వా కులస్థులు సిద్ధహస్తులు. ఎండిన సొరబుర్రపై కాల్చిన కత్తితో బొమ్మలు చెక్కే తుంబా కళ కూడా ఇక్కడిదే. ఇంతటి సంపద చేరువలో ఉన్నప్పుడు ప్లాస్టిక్ అలంకారాల కోసం వెదకవలసిన అవసరం లేదు. ఏ వస్తువును ఎక్కడ ఉంచాలన్నది మాత్రం తెలిసి ఉండాలి.

ముందుగా పాత సామానును పరీక్షించండి

ఊయల గానీ, మంచం గానీ, బట్టల అలమర గానీ మెరుగు పెట్టడానికి ముందు దాని బలాన్ని చూడాలి. కీళ్లు వదులైతే జిగురు పట్టించి బిగించాలి. ఊడిన మేకుల స్థానంలో మరలు వాడటం మేలు. కర్రలో సూదిమొన వంటి రంధ్రాలు ఉండి, వాటి నుంచి పిండిలాంటి పొడి రాలుతూ ఉంటే లోపల పురుగు ఇంకా తొలుస్తున్నదని అర్థం. అటువంటి వస్తువును పసిబిడ్డ గదిలో ఉంచరాదు. పురుగుమందు పట్టించిన కర్రను కూడా బిడ్డ నోరు తగిలే చోట వాడరాదు.

తరువాత కొలబద్ద తీసుకుని ఊయల చుట్టూ ఉన్న నిలువు కర్రల నడుమ దూరాన్ని కొలవాలి. అది 6 సెంటీమీటర్లకు మించకూడదు. అంతకన్నా ఎక్కువైతే బిడ్డ శరీరం జారి, తల చిక్కుకునే ప్రమాదం ఉంటుంది. పూర్వకాలపు ఊయలలలో చాలా వాటికి ఈ సందు ఎక్కువగా ఉంటుంది. వడ్రంగి చేత అదనపు కర్రలు వేయించడం ఒక మార్గం. అది వీలు కాకపోతే ఆ ఊయలను నామకరణం నాటి వేడుకకు మాత్రమే ఉపయోగించి, నిద్రకు వేరే ఏర్పాటు చేసుకోవాలి.

కంటికి కనిపించని ముప్పు సీసం

పాత సామాను విషయంలో అతి ముఖ్యమైన ప్రశ్న ఒకటే. దానిపై ఉన్నది రంగా, లేక పాలిషా? కర్ర గీతలు కనిపించే పాలిష్ మాత్రమే ఉంటే చింత తక్కువ. ఎనామిల్ రంగు దట్టంగా వేసి ఉంటే మాత్రం జాగ్రత్త పడాలి.

గృహోపయోగ రంగులలో సీసం పరిమాణాన్ని 90 పీపీఎంకు, అంటే పది లక్షల భాగాలలో 90 భాగాలకు పరిమితం చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2016లో నిబంధనలు జారీ చేసింది. అవి 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. కాబట్టి అంతకుముందు వేసిన రంగులో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎనామిల్ పూతలలో సీసం ఉన్నదనే భావించి మెలగడం క్షేమం.

సీసానికి సురక్షితమైన స్థాయి అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. నోటి ద్వారా లోపలికి వెళ్లిన సీసాన్ని పెద్దల కంటే పసిపిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా గ్రహిస్తుంది. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పళ్లు వచ్చే వయసులో పిల్లలు ఊయల అంచును కొరుకుతారు. నేల మీద పాకుతూ చేతులు నోట్లో పెట్టుకుంటారు. గర్భిణి శరీరంలో చేరిన సీసం గర్భస్థ శిశువుకూ చేరుతుంది.

అందుచేత పాత రంగును పొడిగా గీకడం, గరుకు కాగితంతో పొడిగా రుద్దడం, మంటతో కాల్చి ఊడదీయడం ఈ మూడూ చేయరాదు. ఒక్క ఊయలను రుద్దిన ధూళి ఇల్లంతా పరచుకుంటుంది. ఆ రంగుపైనే కొత్త రంగు వేయడం కూడా పరిష్కారం కాదు. బిడ్డ పళ్లకు ఆ పైపూత ఎంతోకాలం నిలవదు. రంగులో సీసం లేదని ప్రయోగశాల పరీక్షలో తేలితే తప్ప అటువంటి వస్తువును బిడ్డ గది నుంచి తప్పించడమే మేలు. బిడ్డకు కొత్త ఊయలను స్థానిక వడ్రంగి చేత టేకుతో చేయించుకోవచ్చు. పాత ఊయల ఇంటి జ్ఞాపకంగా వేరొక చోట భద్రంగా ఉంటుంది.

మెరుగు పెట్టే క్రమం

పాలిష్ మాత్రమే ఉన్న సామానును, లేదా కొత్తగా చేయించిన సామానును ఇంటివద్దనే చక్కగా మెరుగు పెట్టుకోవచ్చు. గర్భిణి ఈ పనిలో పాల్గొనకూడదు. పని ఇంటి లోపల కాక వసారాలోనో, పెరటిలోనో జరగాలి. ముక్కుకు, నోటికి ధూళిని ఆపే మాస్కు ధరించాలి.

మొదట సబ్బునీటిలో తడిపి పిండిన గుడ్డతో వస్తువును తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. తరువాత 100 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి, 150, 220 నంబర్లతో క్రమంగా నునుపు చేయాలి. ఎల్లప్పుడూ కర్ర గీత వెంబడే రుద్దాలి. అడ్డంగా రుద్దితే పడిన గీతలు పాలిష్ వేసిన తరువాత మరింత స్పష్టంగా కనిపిస్తాయి. పగుళ్లలో అదే కర్ర పొట్టును జిగురుతో కలిపి నింపి, ఆరిన తరువాత సమం చేయాలి. అంచులను, మూలలను గుండ్రంగా మలచాలి. చివరగా తడిగుడ్డతో ధూళినంతా తుడవాలి.

పూతకు లక్క మంచి ఎంపిక. మోదుగ, రేగు, కుసుమ్ చెట్లపై లక్క పురుగులు స్రవించే ఈ పదార్థాన్ని ఉత్పత్తి చేసే ప్రధాన రాష్ట్రాలలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. మాత్రల పైపూతగా కూడా దీనిని శుద్ధిచేసి వాడతారు. లీటరు స్పిరిట్‌లో 150 నుంచి 200 గ్రాముల లక్క పెచ్చులను రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, మెత్తని గుడ్డ ఉండతో పలుచగా పట్టించాలి. ప్రతి పూత ఆరిన తరువాత 320 నంబరు కాగితంతో తేలికగా రుద్ది మరో పూత వేయాలి. నాలుగైదు పలుచని పూతలు ఒక మందపాటి పూత కంటే నిలకడగా ఉంటాయి. స్పిరిట్ విషపూరితం, మంటలకు సులభంగా అంటుకుంటుంది. కాబట్టి పొయ్యికి, పిల్లలకు దూరంగా ఉంచాలి.

లక్కకు ఒక బలహీనత ఉంది. తేమ తగిలితే తెల్లబడుతుంది. అందువల్ల బస్తర్ వానాకాలంలో, అంటే జూన్ నుంచి సెప్టెంబరు వరకు, ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. స్నానం చేయించే బల్ల, బట్టలు మార్చే బల్ల వంటి తడి తగిలే వాటికి నీటితో కలిపే పాలీయురెథేన్ పూత అనువైనది. అవిసె నూనె పూసేవారు మరో సంగతి గమనించాలి. ఆ నూనె తడిసిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. వాటిని విప్పి పరచి ఆరబెట్టాలి, లేదా నీటిలో ముంచి ఉంచాలి.

నిద్ర చోటు, దోమతెర

గది ఇతివృత్తం ఏదైనా బిడ్డ నిద్రించే చోటు మాత్రం బోసిగా ఉండాలి. గట్టిగా, సమతలంగా ఉన్న పరుపు, దానిపై బిగుతుగా పరచిన దుప్పటి చాలు. బిడ్డను వెల్లకిల పడుకోబెట్టాలి. దిండ్లు, మెత్తని బొమ్మలు, అంచుల చుట్టూ కట్టే మెత్తలు ఊపిరికి అడ్డుపడవచ్చు. పరుపుకు, అంచుకు మధ్య రెండు వేళ్లకు మించి సందు ఉండరాదు. చీరతో కట్టిన ఉయ్యాలలో బిడ్డ వీపు వంగి, గడ్డం ఛాతీకి ఆనుతుంది. కాబట్టి పెద్దలు పక్కన ఉన్నప్పుడు లాలించడానికే దానిని పరిమితం చేయాలి. బిడ్డ బోర్లా పడటం మొదలుపెట్టిన తరువాత ఊగే ఊయలలో ఒంటరిగా ఉంచరాదు.

బస్తర్‌లో దోమతెర అలంకారం కాదు, అవసరం. మలేరియా తీవ్రత దృష్ట్యా ఇక్కడ 2020 జనవరిలో ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమాన్ని ప్రారంభించి ఇంటింటా పరీక్షలు చేపట్టారు. కాబట్టి గది నమూనా గీసేటప్పుడే తెర కొక్కేనికి, ఊయల చుట్టూ తెర దిగడానికి చోటు కేటాయించాలి. తెర పరుపు కిందికి బిగుతుగా మడవాలి. ఊయల లోపలికి వేలాడకూడదు.

కన్ను చేరేచోట కళ, చేయి చేరేచోట భద్రత

ఇతివృత్తంగా బస్తర్ అడవిని మించినది లేదు. బస్తర్ కొండ గోరువంక ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి. కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనం దానికి నెలవు. సాలవృక్షం రాష్ట్ర వృక్షం. గోడ అడుగుభాగానికి మట్టిరంగు, పైభాగానికి లేత తెలుపు వేసి, నడుమ సాల ఆకులను, నల్లని మేను, పసుపు ముక్కు గల గోరువంకల జంటను చిత్రిస్తే గదికి నిండుదనం వస్తుంది. పల్లె ఇళ్ల గోడలకు వాడే ఛుయీ అనే తెల్లమట్టి రంగును ఇందుకు ఒరవడిగా తీసుకోవచ్చు. గోడకు వాసన తక్కువగా ఉండే, నీటితో కలిపే రంగులు ఎంచుకోవాలి.

ఢోక్రా బొమ్మలు, ఇనుప దీపపు సెమ్మెలు బరువైనవి, కొన అంచులు గలవి. పైగా లోహ మిశ్రమంలో ఏమేమి కలిసినదీ కొనుగోలుదారుకు తెలియదు. వాటిని ఊయలకు ఎదురుగా ఉన్న గోడపై, బిడ్డ నిలబడినా అందని ఎత్తులో బిగించాలి. ఊయలకు పైన ఏదీ వేలాడదీయరాదు. తుంబా దీపంలో వేడెక్కని ఎల్‌ఈడీ బల్బు పెడితే రాత్రివేళ గోడంతా చుక్కల వెలుగు పరచుకుంటుంది. తీగ బిడ్డకు అందకుండా చూడాలి. పనికా నేతగాళ్లు చెట్టు వేళ్ల రంగుతో నేసే ఎరుపు అంచుల నూలు వస్త్రాన్ని కిటికీ తెరగా వాడుకోవచ్చు. అలమరను తప్పనిసరిగా గోడకు బిగించాలి. సొరుగులు లాగి పైకెక్కే వయసు చూస్తుండగానే వస్తుంది.

చేతికిచ్చే బొమ్మల విషయంలో విశాఖ మార్గంలోని ఏటికొప్పాకను తలచుకోవచ్చు. అంకుడు కర్రను తరిణపై తిప్పుతూ లక్క రంగులు అద్దే ఈ కళకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడ సహజ రంగులను పునరుద్ధరించిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ పురస్కారం దక్కింది. మూడేళ్లలోపు పిల్లలకు మాత్రం నోట్లో పట్టే చిన్న భాగాలు, ఊడివచ్చే ముక్కలు లేని బొమ్మలనే ఎంచుకోవాలి.

ముద్ర చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

దేశంలో అమ్మే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అయింది. నమోదైన హస్తకళాకారులు చేసినవాటికి, భౌగోళిక గుర్తింపు గల వస్తువులకు మినహాయింపు ఉంది. చేతివృత్తుల మనుగడకు ఈ మినహాయింపు అవసరమే. అయితే భౌగోళిక గుర్తింపు వస్తువు ఎక్కడిదో చెబుతుంది గానీ, దానిపై వేసిన రంగు ఏదో చెప్పదు. కాబట్టి ‘ఇది సహజ రంగా? లక్క పూతా? ఎనామిలా?’ అని కళాకారుని నేరుగా అడగాలి. తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు అంటుతున్నదేమో చూడాలి.

పని ఎప్పటికి ముగియాలి?

మెరుగు పెట్టడం, గోడలకు రంగు వేయడం కాన్పుకు కనీసం నెల ముందే పూర్తి కావాలి. ఆ తరువాత కిటికీలు తెరచి గాలి ఆడనివ్వాలి. ముక్కుకు వాసన ఏమాత్రం తగిలినా బిడ్డను ఆ గదిలో పడుకోబెట్టకూడదు. సమయం చాలకపోతే అలంకారాన్ని వాయిదా వేయవచ్చు. తొలి నెలల్లో బిడ్డకు కావలసింది తల్లి మంచానికి పక్కనే గట్టి పరుపు, శుభ్రమైన గాలి, చిల్లు లేని దోమతెర. గోరువంకలను గోడమీదికి తరువాత ఎప్పుడైనా తీసుకురావచ్చు.