బిలాస్‌పూర్ మానసిక ఆరోగ్య సేవలు: కాంట్రాక్టు పద్ధతి

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. రైలు కొలువులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఇక్కడున్నాయి. రైల్వే ఉద్యోగులకు సొంత ఆసుపత్రి ఉంది. బయటివారిలో చాలామందికి సర్కారు వైద్యమే దిక్కు. రాష్ట్ర మానసిక వైద్యశాల ఊరి పక్కన సేంద్రీలో ఉంది. పల్లెల దాకా వెళ్లాల్సింది మాత్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం. దేశంలో ఇది 1996లో నాలుగు జిల్లాలతో మొదలైంది.

దీని నిధులు జాతీయ ఆరోగ్య మిషన్ ద్వారా వస్తాయి: కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40. సైకాలజిస్టు, సోషల్ వర్కర్, నర్సు వంటి కొలువులు ఎక్కువగా కాంట్రాక్టువే. వార్షిక ప్రణాళికకు ఆమోదం ఆలస్యమైతే జీతాలూ, ఖాళీల భర్తీ కూడా వెనకపడతాయి. స్కిజోఫ్రీనియా రోగికి ఏళ్ల తరబడి మందులు కావాలి. కాంట్రాక్టు సిబ్బంది మారినప్పుడల్లా ఇంటివాళ్లు కథంతా మొదటినుంచి చెప్పుకోవాలి. ఓపీ రిజిస్టరులో ఎన్ని పేర్లెక్కాయన్నది లెక్కకొస్తుంది. మందులు మానేసిన మనిషిని వెతుక్కుంటూ ఇంటికెళ్లిన పూట అంత తేలిగ్గా లెక్కకు రాదు. అసలు పని అదే.

2025 ఆగస్టులో రాష్ట్రంలోని మిషన్ కాంట్రాక్టు ఉద్యోగులు క్రమబద్ధీకరణ కోరుతూ సమ్మెకు దిగారు. సర్కారు వ్యవస్థకు వెలుపల, జిల్లాలోని గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ అనే స్వచ్ఛంద సంస్థ 1999 నుంచి గ్రామీణ వైద్యం అందిస్తోంది. విరాళాలు, గ్రాంట్ల మీద నడిచే ఇలాంటి సంస్థలకూ నిధుల గడువుల బెడద తప్పదు.