సర్కారు సొంత తీగ: తపాలు సంచి నుంచి క్లౌడు దాకా

పెన్షనరు మిత్రులు ఈ మధ్య తరచుగా వింటున్న మాట ఒకటుంది: "సర్వరు డౌను." లైఫ్ సర్టిఫికెట్ ఇద్దామని వెళ్తే సర్వరు డౌను, మెడికల్ బిల్లు సంగతి అడుగుదామంటే సర్వరు డౌను. ఆ సర్వరు ఎక్కడుంది, మన ఊరి నుంచి దాని దగ్గరకు దారి ఎటు, ఆ దారి ఎవరిది అని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని కార్యవర్గం వారు కోరారు కనుక, గంగరాజుల కథ తెలిసినవారికి విడిచిపెట్టి ఈ దారి కథ రాస్తున్నాను. నెల మొదట్లో మనకు వచ్చే డబ్బు ఈ దారినే వస్తున్నది మరి.

ప్రభుత్వానికి తన కాగితం తన దారిన పోవాలనే కోరిక పాతదే. 1890లలో మన వైపు రైలు పట్టాలు పడ్డప్పుడు వాటి వెంటే రైల్వే వారి తీగలూ పడ్డాయి. ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషను మాస్టరు పక్క స్టేషనుతో మాట్లాడటానికి తంతి ఆఫీసు గుమ్మం ఎక్కనక్కర లేదు. పోలీసు వారికి వైర్లెస్ ఉండేది. తుఫాను వస్తే కలెక్టరు గారికి కూడా అదే దిక్కు. రెవిన్యూ, ట్రెజరీ గుమాస్తాలకు అలాంటి భోగం లేదు. మాకు తపాలు సంచి, అర్జంటయితే టెలిగ్రాము. ఆ టెలిగ్రాము సర్వీసు 2013 జులైలో ఆగిపోయింది.

రహస్య కాగితాలకు మాత్రం ఒక పద్ధతి ఉండేది. లోపలి కవరు మీద "కాన్ఫిడెన్షియల్" అని రాసి లక్క సీలు వేసి, దాన్ని మామూలు కవరులో పెట్టి పంపేవాళ్ళం. సంచి అందరిదీ, లోపల ఏముందో మాత్రం చేరవలసిన వారికే తెలియాలి. ఈ రెండు కవర్ల సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పని పడుతుంది.

నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు 1976లో ఏర్పడింది. డాక్టర్ ఎన్. శేషగిరి గారి నాయకత్వంలో ఆ సంస్థ 1980ల చివర ఢిల్లీని దేశంలోని 400 పైచిలుకు జిల్లా కేంద్రాలతో ఉపగ్రహం ద్వారా కలిపింది. దాని పేరు నిక్‌నెట్. టెలిఫోను తీగలుండగా ఉపగ్రహం ఎందుకని ఈనాటి పిల్లలు అడగవచ్చు. ఆ రోజుల్లో ట్రంకు కాల్ బుక్ చేసి లైను కోసం కూర్చున్నవారికి చెప్పనక్కర లేదు. ఎక్స్ఛేంజిల మీద ఆధారపడకుండా, మేడ మీద ఒక గొడుగు లాంటి డిష్ పెట్టుకుని నేరుగా ఆకాశం మీదుగా లెక్కలు పంపుకోవడమే అందులోని కొత్తదనం. కింద ఏసీ గది, గుమ్మం బయట చెప్పుల వరుస. గుడికీ కంప్యూటరు గదికీ ఒకే మర్యాద!

తరవాత ఘట్టం రిజిస్ట్రేషన్ శాఖది. 1998 నవంబరులో రాష్ట్రంలోని 200 పైగా సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల్లో 'కార్డ్' పథకం మొదలైంది. ప్రతి ఆఫీసుకూ దాని సొంత సర్వరు, గదిలోని బల్లలను కలిపే సొంత తీగలు. అంటే ఎవరి బీరువా వారిదే. బయటి లైను తెగినా లోపలి పని ఆగదు, అది పెద్ద సుఖం. కాని ఆ గదికి ఏ ఆపద వస్తే దస్త్రానికీ అదే ఆపద. మా శ్రీకూర్మం గుడి స్తంభాల మీది శాసనాలు ఇన్ని వందల ఏళ్ళు నిలిచాయి, నిజమే. కాని నకళ్ళు తీసి అచ్చు వేసేదాకా, ఏ దానం ఎవరిచ్చారో చదవాలంటే గుడికే రావాలి కదా!

అందుకే విడి బీరువాల్లోని దస్త్రాలను ఒక పెద్ద స్ట్రాంగు రూముకు చేర్చే ఆలోచన బలపడింది. మన రాష్ట్రం 1990ల చివరనే హైదరాబాదును జిల్లా కేంద్రాలతో కలిపే నెట్‌వర్కుకు పూనుకుంది. ముఖ్యమంత్రి కలెక్టర్లతో తెర మీద మాట్లాడటం అప్పుడు పెద్ద వార్త. 2005లో కేంద్రం అన్ని రాష్ట్రాలకూ 3,334 కోట్ల రూపాయల అంచనాతో ఇలాంటి పథకమే ఆమోదించింది. రాష్ట్ర రాజధాని నుంచి జిల్లాకు, జిల్లా నుంచి బ్లాకుకు ప్రభుత్వపు ప్రత్యేక లైను. 2008లో రాష్ట్ర డేటా సెంటర్లకు మరో 1,623 కోట్లు. 2018 ఏప్రిల్ నుంచి మన బిల్లులూ పెన్షన్లూ సి.ఎఫ్.ఎం.ఎస్. అనే ఒకే వ్యవస్థలోకి వచ్చాయి. ట్రెజరీలో మన లెడ్జరు పేజీ తిప్పి చూపించే గుమాస్తా స్థానంలో తెర వచ్చింది. ఆ తెరకు ప్రాణం తీగే.

ఇక క్లౌడు. పేరు మేఘమే గాని అదీ నేల మీద యంత్రాలే. 2014 ఫిబ్రవరిలో కేంద్రం 'మేఘరాజ్' పేరుతో ప్రభుత్వ క్లౌడు ప్రారంభించింది. మొత్తం యంత్రం ఒక్కరికే కేటాయిస్తే అది డెడికేటెడ్ సర్వరు, ఇల్లంతా ఒకే కుటుంబానికి అద్దెకిచ్చినట్టు. క్లౌడులో అదే యంత్రాన్ని వాటాలు వేసి, అవసరాన్ని బట్టి గదులు పెంచుతూ తగ్గిస్తూ ఇస్తారు. నెల మొదట్లో పని పదింతలయ్యే చోట ఇది లాభమే. పెద్ద సంస్థలు ఇప్పుడు రెండూ కలిపి వాడుతున్నాయి. ముఖ్యమైన రికార్డు సొంత యంత్రంలో, రద్దీ పని అద్దె క్లౌడులో. దీన్నే హైబ్రిడ్ అంటారు.

ఈ రెంటినీ కలిపే దారిలోనే అసలు కిటుకు. అందరూ తిరిగే ఇంటర్నెట్ మీదనే రహస్య లిపిలో పంపితే వి.పి.ఎన్. మన రెండు కవర్ల పద్ధతే అది, చవక. అచ్చంగా మనకే ఒక లైను అద్దెకు తీసుకుంటే లీజుడు లైను. తపాలు సంచిలో వేయకుండా బంట్రోతును ప్రత్యేకంగా పంపినట్టు. ఖర్చు ఎక్కువ, అయితే ఎంత సేపట్లో చేరుతుందో ముందే చెప్పవచ్చు. లోపలి యంత్రాల నంబర్లు కూడా వేరు. 10తోనో 192.168తోనో మొదలయ్యే నంబర్లను ఇలాంటి లోపలి వాడకానికే కేటాయించారు. అవి ఆఫీసు ఇంటర్కమ్ నంబర్ల వంటివి. 23వ నంబరు ప్రతి ఆఫీసులోనూ ఉండవచ్చు, బయటివాడు దానికి నేరుగా ఫోను చేయలేడు.

బంట్రోతు ఎంత నమ్మకస్తుడైనా వంతెన కొట్టుకుపోతే ఏం చేస్తాడు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో పడ్డాయి. రాష్ట్రం వేసిన ఫైబరు గ్రిడ్డును 2017 డిసెంబరులో రాష్ట్రపతి జాతికి అంకితం చేశారు. ఆ ఫైబరులో చాలా భాగం కరెంటు స్తంభాల మీదుగానే సాగింది. తవ్వకం ఖర్చు తప్పింది, పని తొందరగా అయింది, ఆ మాట ఒప్పుకోవాలి. కాని స్తంభం పడితే దాని మీది తీగ నిలుస్తుందా? తుఫాను మార్గంలో ఉన్న మన జిల్లాకు ఒక్క దారి చాలదని నా అభిప్రాయం. ఒకటి స్తంభాల మీద ఉంటే రెండోది భూమి లోపల ఉండాలి, లేదా ఉపగ్రహం మీదుగా పోవాలి. నిక్‌నెట్ వారి పాత గొడుగు బుద్ధి తక్కువదేమీ కాదు.

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటరు కేంద్రం పెడతామని ప్రకటించింది. సముద్రం అడుగు నుంచి వచ్చే కేబుళ్ళు కూడా అక్కడ ఒడ్డు చేరతాయట. పిల్లలకు ఉద్యోగాలు వస్తే సంతోషమే. అయితే సర్వరు విశాఖలో ఉన్నంత మాత్రాన గారకో పాతపట్నానికో దగ్గరైపోదు. అక్కడి నుంచి ఇక్కడికి తీగ ఎలా వస్తుందన్నదే లెక్క.

ఈసారి సర్వసభ్య సమావేశంలో డి.ఎ. బకాయిల తీర్మానంతో పాటు మరొకటి పెట్టవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. జిల్లాలోని ప్రతి సబ్ ట్రెజరీకి వేరు దారిన వచ్చే రెండో లైను ఉన్నదా, తుఫాను రోజుల్లో దానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది అని లిఖితపూర్వకంగా అడగాలి. జవాబు వచ్చేదాకా సభ్యులు తమ పి.పి.ఓ. పుస్తకాన్ని ట్రంకు పెట్టె అడుగున కాకుండా, తడవని చోట, ఇంట్లో మరొకరికి తెలిసేలా ఉంచుకోగలరు.