గుడిసె ముంగిట నాలుగు పందులు: బళ్ళారి సీమ కొరచల జీవనచరిత్ర

మన ఆంధ్రసంఘములు వెలువరించు ప్రత్యేక సంచికలను తిరుగవేసి చూచినచో, పరరాష్ట్రములందు స్థిరపడిన తెలుగువారి చరిత్ర యనగా అమరనాయకుల చరిత్ర, వర్తకుల చరిత్ర, సంగీతవిద్వాంసుల చరిత్ర, మగ్గమును నమ్ముకొని సోలాపురమునకు తరలిన పద్మశాలీల చరిత్ర యని తోచును. ఇవి యన్నియు వ్రాయదగినవే. కాని ఊరి వెలుపల గడ్డిగుడిసె వేసికొని, ముంగిట నాలుగు పందులను పెంచుకొని బ్రతికిన కుటుంబముల ప్రసక్తి ఆ పుటలలో మిక్కిలి అరుదు. బళ్ళారి సీమలో కొరచలనియు కొరమలనియు, కర్నూలు, కడప సీమలలో ఎఱుకలవారనియు పిలువబడు ఈ జనుల బ్రతుకులో పందికి గల స్థానమును పరిశీలించుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

మొదట ఒక వైచిత్ర్యమును గమనింపవలెను. బాదామి చాళుక్యులకును, వేంగి చాళుక్యులకును వరాహము రాజలాంఛనము. కాకతీయులకును అదియే లాంఛనము. విజయనగర కాలపు బంగారు నాణెమునకు వరాహ మనియే పేరు. ఇట్లు తామ్రశాసనపు ముద్రపై పూజనీయమైన ఆ రూపమే వీధిలోనికి వచ్చుసరికి ఊరపందియై తిట్టుపదముగా మారినది. జంతువునకు కలిగిన ఈ గతియే దానిని పెంచినవారికిని కలిగినది.

పందుల పెంపకము ఎల్లకాలము ఊరి వెలుపలి వ్యవహారముగనే యుండెనని తలచుట పొరపాటు. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు దోమింగో పాయెస్, నగరములోని కొన్ని వీధులలో మాంసవిక్రేతల యిండ్ల యందు పందులను చూచినట్లును, అంత తెల్లనివి, అంత శుభ్రమైనవి మరి యే దేశమునను కానరానట్లును, ఒక్కొక్క పంది నాలుగైదు పణముల వెల గలదైనట్లును వ్రాసియున్నాడు. 1535 ప్రాంతమున వ్రాసిన ఫెర్నావ్ నూనిజ్ సైతము అంగళ్ళలో అమ్ముడుపోవు మాంసములలో పందిమాంసమును పేర్కొనెను. అనగా నేటి హంపి శిథిలముల నడుమ ఒకనాడు పంది కొనుగోలు, అమ్మకములు నగరవాణిజ్యములో భాగమై యుండెను. పాయెస్ వెల చెప్పెను గాని పెంచినవారి పేరు చెప్పలేదు. తరువాతి చరిత్రకారులు పలువురు ఆ మార్గమునే అనుసరించిరి.

ఇక కొరచల విషయము. వీరు ఇంట కుర్రుభాష మాటలాడుదురు. అది తమిళమునకు సన్నిహితమైనది. వీధిలోనికి వచ్చినచో తెలుగైనను కన్నడమైనను వారికి కొట్టినపిండి. వృత్తిని బట్టి వీరిలో ఉప్పు కొరవలు, దబ్బ కొరవలు, కుంచె కొరవలు మున్నగు శాఖలు కలవు. సముద్రతీరపు ఉప్పును గాడిదలపైనను, ఎద్దులపైనను వేసి మెట్టసీమలకు చేర్చి, అచ్చటి ధాన్యమును మార్పిడిగా తెచ్చుట ఉప్పు కొరవల వృత్తి. వారు వచ్చిననాడే పల్లెలో ఉప్పు. 1871లో మద్రాసు నుండి రైలుమార్గము రాయచూరు వరకు పూర్తియైనది. ఉప్పుబస్తాలు రైలెక్కినవి. సర్కారువారి ఉప్పుపన్ను భారము అంతకుముందే యుండెను. పిదప 1876–78 సంవత్సరముల మహాక్షామము బళ్ళారి సీమను పీడించినప్పుడు పశువులును పోయినవి. పెరికెద్దుల నడకతో సాగిన వర్తకము ఒక తరములో కూలిపోయినది.

దానిపై మరియొక పిడుగు పడినది. 1871లో ఉత్తరదేశమున ఆరంభమైన నేరస్థజాతుల చట్టము 1911 చట్టము ద్వారా మద్రాసు రాజధానికిని విస్తరించెను. ఇందు కొరచలును, ఎఱుకలవారును చేర్పబడిరి. పుట్టుకయే నేరమైనది. పేరు నమోదు, వేలిముద్ర, హాజరు, అనుమతిచీటి లేనిదే ఊరు దాటరాదను నిర్బంధము వచ్చినవి. 1913లో గుంటూరు మండలమున స్టూవర్టుపురము సెటిల్‌మెంటు వెలసినది. సోలాపురములోని సెటిల్‌మెంటులో వీరి దాయాదులుగా చెప్పదగిన కైకాడీలు ముళ్ళకంచె వెనుక నివసించిరి.

నడచి బ్రతికినవానికి నడకయే నిషిద్ధమైనప్పుడు ఏది మిగులును? ఇచ్చటనే పందికి గల ప్రాధాన్యము స్పష్టమగును. మేకకు బీడు కావలెను. గాడిదకు బాట కావలెను. గేదెకు గడ్డివాము కావలెను. పందికి గుడిసె ప్రక్కనే చాలును. కుడితి, తవుడు, కూరగాయల తొక్కలు, ఊరివారు పారవైచిన ఎంగిలి దాని యాహారము. సెంటుభూమి లేనివానికి సాధ్యమైన పశుసంపద యిది యొక్కటియే. పంది కొరచలకు పూర్వము నుండియు ఉన్నదే యైనను, నిర్బంధకాలమున అది ఉపవృత్తి స్థానము నుండి జీవనాధార స్థానమునకు ఎదిగెనని భావించుట యుక్తము.

లెక్క చూచినను ఇది తేటపడును. గేదె పదినెలలు మోసి ఒక దూడను ఈనును. మేక ఐదునెలలు మోసి ఒకటి రెండు పిల్లలను పెట్టును. పంది 114 దినములకే ఈనును. నాటుపంది ఈతకు ఐదారు మొదలు ఎనిమిది పిల్లల వరకు పెట్టును. రెండు నెలలకు పిల్లలు పాలు మానును. మేత యున్నచో ఏటికి రెండు ఈతలు. పంది సంతానమును మన సామెతలు పరిహసించినవి. కాని ఆ సంతానమే పేదవాని వడ్డీ. ఆడపిల్ల పెండ్లికి ఒక పంది, జబ్బుచేసినప్పుడు ఒక పంది, కరవునాడు ఒక పంది. అప్పు పుట్టని ఇంట అదియే ధనము. పగలు దబ్బలు చీల్చి బుట్టలల్లుటకును, ఎఱుక చెప్పుటకును పోయివచ్చిన స్త్రీయే సాయంకాలము వానిని పిలిచి కుడితి పోయుచుండెను. మెడపైని, వీపుపైని బిరుసువెండ్రుకలు కుంచెల పరిశ్రమకై కాన్పూరు వర్తకుల చేతికి చేరుచుండెను. గ్రామదేవతల జాతరలందు బలికి పంది కావలసివచ్చినప్పుడు, నిత్యము దూరముంచిన ఊరే వారి గుడిసెను వెదకికొని వచ్చుచుండెను.

మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతటను 1952 ఆగస్టు 31వ తేదీనను ఆ చట్టము రద్దయినది. మరుసటి సంవత్సరము, 1953 అక్టోబరు 1న, బళ్ళారి మండలము చీలినది; ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు వచ్చినవి, బళ్ళారి మైసూరునకు పోయినది. వియ్యమందిన కుటుంబములు రెండు రాష్ట్రములవారైరి. నేడు ఎఱుకలవారు ఆంధ్రప్రదేశమునను, తెలంగాణమునను షెడ్యూల్డు తెగ; కొరచలును, కొరమలును కర్ణాటకమున షెడ్యూల్డు కులము. కైకాడీలు మహారాష్ట్రములో విదర్భయందు షెడ్యూల్డు కులము, తక్కిన ప్రాంతములందు విముక్తజాతి. పట్టికలు మూడు, గుడిసె ముంగిటి నల్లపంది యొక్కటియే.

పందిపై నగరవాసులకు గల భయము పూర్తిగా నిరాధారము కాదు. మెదడువాపు వ్యాధి మనదేశమున మొదట 1955లో వేలూరు ప్రాంతమున గుర్తింపబడినది. దాని విషక్రిమి పందుల శరీరమున వృద్ధిచెంది, వరిమళ్ళలో పుట్టు దోమల ద్వారా మనుష్యులకు సోకును. మలమును తిను పందుల మాంసము సరిగా ఉడుకనిచో బద్దెపురుగు సంక్రమించును. కావున పందిని విచ్చలవిడిగా వదలరాదనుట న్యాయమే. కాని దొడ్డి కట్టుటకు స్థలము చూపకయే పందులను తరిమివేయుట వ్యాధినివారణ యగునా? వ్యాధికి కారణము పంది యొక్కటియే కాదు. మరుగుదొడ్డి లేని ఊరును, మురుగు తీయని వీధియును కారణములే.

సర్కారువారు చేసిన యత్నములును కలవు. గన్నవరమున పందిమాంస కర్మాగారమును, పెంపకకేంద్రమును నెలకొల్పిరి. తెల్ల యార్క్‌షైర్ జాతిని తెప్పించిరి. తరువాత తిరుపతి పశువైద్య కళాశాల పందులపై పరిశోధనకు కేంద్రమైనది. అయితే తెల్లపందికి కొన్న దాణా కావలెను, గట్టి కొట్టము కావలెను. పెట్టుబడి గలవానికి అది లాభము. నాలుగు నల్లపందులు గలవాని గుడిసెకు ఆ మేలు చేరుట కష్టము. 2012లో దేశమున ఒక కోటి మూడు లక్షలకు చేరువగా నున్న పందుల సంఖ్య 2019 పశుగణనలో సుమారు తొంబది లక్షలకు, అనగా నూటికి పన్నెండువంతున, తగ్గినది. ఆ తగ్గినవానిలో ఎన్ని యెవరి గుడిసె ముంగిటివో గణన చెప్పదు.

కావున మన సంఘములకు నా విన్నపమొక్కటి. బళ్ళారి, రాయచూరు, కోలారు, సోలాపురములందలి మన శాఖలవారు తమ యూరి కొరచ, కైకాడీ వృద్ధులను కలిసికొని, వారి వర్తకపు బాటలను, పందుల పెంపకమునకు సంబంధించిన వారి పలుకులను, సెటిల్‌మెంటు స్మృతులను వ్రాసి యుంచవలెను. ఆ వృద్ధులలో పలువురు ఇప్పటికే మనకు దూరమైనారు. వరాహముద్రను అద్దాల పెట్టెలో భద్రపరచుకొన్న మనము, పందిని పెంచి పిల్లలను చదివించుకొన్న తల్లికి మన సంచికలో ఒక పుటనైనను ఇయ్యకుండుట ధర్మము కాదు.