నర్సింగ్ హోం సిబ్బందికి ప్రవర్తనా ఆరోగ్య శిక్షణ

నర్సింగ్ హోం సిబ్బందికి ప్రవర్తనా ఆరోగ్య శిక్షణ అనగా దీర్ఘకాలిక సంరక్షణ గృహాలలో నివసించే వృద్ధులు, వికలాంగుల మానసిక, భావోద్వేగ అవసరాలను గుర్తించి తగిన విధంగా స్పందించుటకు అక్కడి ఉద్యోగులకు ఇచ్చే శిక్షణ. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మెడికేర్, మెడికెయిడ్ పథకాల నుండి చెల్లింపులు పొందే ప్రతి నర్సింగ్ హోం ఈ శిక్షణను తప్పనిసరిగా ఇవ్వవలెను. ఈ నిబంధన 2019 నవంబరు 28 నుండి అమలులోనికి వచ్చినది.

తెలుగునాట నర్సింగ్ హోం అంటే సాధారణంగా చిన్న ప్రైవేటు ఆసుపత్రి అని అర్థం. అమెరికాలో ఈ పదానికి అర్థం వేరు. తమంతట తాము స్నానం, భోజనం, నడక వంటి పనులు చేసుకోలేనివారు నెలలు, సంవత్సరాల తరబడి నివసించే గృహాన్ని అక్కడ నర్సింగ్ హోం అంటారు. ఆ దేశంలో ఇటువంటివి సుమారు 15,000 ఉన్నాయి. వాటిలో 12 లక్షల మందికి పైగా నివసిస్తున్నారు. ఈ వ్యాసంలో ఆ పదం ఈ అర్థంలోనే వాడబడినది.

నేపథ్యం

20వ శతాబ్దం మధ్య భాగం నుండి అమెరికాలో పెద్ద మానసిక వైద్యశాలలు క్రమంగా మూతపడసాగాయి. 1965లో మెడికెయిడ్ పథకం ప్రారంభమైనది. మానసిక వైద్యశాలలలోని 65 ఏళ్ళలోపు పెద్దలకు ఈ పథకం డబ్బు చెల్లించలేదు, కానీ నర్సింగ్ హోంలలో ఉన్నవారికి చెల్లించినది. దీనివల్ల దీర్ఘకాలిక మానసిక వ్యాధిగ్రస్తులు అనేకులు నర్సింగ్ హోంలకు చేరుకున్నారు. అక్కడి సిబ్బందికి శారీరక సంరక్షణ తెలుసు గాని, మానసిక వ్యాధులను గురించిన శిక్షణ అంతగా లేదు. అలజడి చేసేవారిని మంచానికి, కుర్చీకి కట్టివేయుట, మత్తు కలిగించే మందులు ఇచ్చుట సాధారణమైపోయినది.

1986లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నర్సింగ్ హోంలలోని సంరక్షణ లోపాలపై ఒక నివేదిక వెలువరించినది. దాని ఆధారంగా 1987లో నర్సింగ్ హోం సంస్కరణల చట్టం వచ్చినది. ఈ చట్టంలోని ముఖ్యాంశాలు:

* క్రమశిక్షణ కోసం గాని, సిబ్బంది సౌలభ్యం కోసం గాని నివాసులను కట్టివేయరాదు, మందులతో అణచివేయరాదు.
* నర్స్ ఎయిడ్‌లకు కనీసం 75 గంటల ప్రాథమిక శిక్షణ ఉండవలెను.
* ఆ తరువాత ఏటా 12 గంటలకు తగ్గకుండా శిక్షణ కొనసాగవలెను.
* తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారిని చేర్చుకొనుటకు ముందు, వారికి నర్సింగ్ హోం తగిన చోటేనా అని పరిశీలించవలెను.

2010 నాటి ఆరోగ్య సంస్కరణల చట్టం నర్స్ ఎయిడ్‌ల శిక్షణలో డిమెన్షియా (చిత్తవైకల్యం) సంరక్షణను, దుర్వ్యవహార నివారణను చేర్చినది. ఈ అంశాలపై ‘హ్యాండ్ ఇన్ హ్యాండ్’ అనే శిక్షణ సామగ్రిని కేంద్ర సంస్థ అయిన సెంటర్స్ ఫర్ మెడికేర్ అండ్ మెడికెయిడ్ సర్వీసెస్ (సీఎంఎస్) 2012లో నర్సింగ్ హోంలకు ఉచితంగా పంపినది.

నిబంధనలు

2016 అక్టోబరులో సీఎంఎస్ నర్సింగ్ హోంల నిబంధనలను సమూలంగా సవరించి, మూడు దశలలో అమలు చేసినది. ప్రవర్తనా ఆరోగ్య శిక్షణ మూడవ దశలోనిది. నివాసి యొక్క సంపూర్ణ భావోద్వేగ, మానసిక క్షేమమే ప్రవర్తనా ఆరోగ్యమని ఈ నిబంధనలు నిర్వచిస్తున్నాయి. మానసిక రుగ్మతల, మాదక ద్రవ్యాలు మరియు మద్యం వ్యసనాల నివారణ, చికిత్స కూడా ఇందులో భాగమే.

శిక్షణ నర్సులకు మాత్రమే పరిమితం కాదు. పాత, కొత్త ఉద్యోగులు, కాంట్రాక్టు పనివారు, స్వచ్ఛంద సేవకులు తమ తమ పనికి తగినంత మేరకు శిక్షణ పొందవలెను. గదులు ఊడ్చేవారు, భోజనం అందించేవారు కూడా నివాసులతో రోజూ మాట్లాడుతారు కనుక వారినీ ఇందులో చేర్చారు. ఇన్ని గంటలు శిక్షణ ఇవ్వాలని కేంద్ర నిబంధన చెప్పదు. ప్రతి నర్సింగ్ హోం తన నివాసులలో ఏయే వ్యాధులు, అవసరాలు గలవారు ఉన్నారో లెక్కవేసి, దానిని బట్టి శిక్షణాంశాలను నిర్ణయించుకోవలెను. ఈ నిబంధన అమలును తనిఖీ అధికారులు ఎఫ్949 అనే సంఖ్య కింద పరిశీలిస్తారు. దీనికి సంబంధించిన మార్గదర్శకాలు 2022 అక్టోబరు 24 నుండి అమలులోనికి వచ్చాయి.

శిక్షణాంశాలు

ప్రవర్తన వెనుక కారణం: ఈ శిక్షణకు మూలసూత్రం ఇదే. డిమెన్షియా ఉన్న వ్యక్తి కేకలు వేసినా, కొట్టబోయినా అది మొండితనం కాదనీ, మాటలలో చెప్పుకోలేని అవసరాన్ని ఆ విధంగా తెలుపుతున్నాడనీ నేర్పుతారు. నొప్పి, ఆకలి, మలబద్ధకం, నిద్రలేమి, భయం, ఒంటరితనం, గదిలో రొద వంటివి సాధారణ కారణాలు.

హఠాత్తుగా వచ్చే మార్పు: డిమెన్షియా నెలలు, సంవత్సరాలలో ముదురుతుంది. డెలీరియం గంటలలో లేదా కొద్ది రోజులలో వస్తుంది. అంటువ్యాధులు, శరీరంలో నీరు తగ్గుట, కొత్త మందులు దీనికి కారణం కావచ్చును. నిన్నటివరకు శాంతంగా ఉన్న వ్యక్తి నేడు తికమకపడుతుంటే వెంటనే నర్సుకు తెలపాలని ఎయిడ్‌లకు నేర్పుతారు. దీనిని వయసు ప్రభావమని వదిలివేస్తే ప్రాణాపాయం కలుగవచ్చును.

కుంగుబాటు, ఆత్మహత్యా సూచనలు: తిండి మానుట, ఎవరితోనూ కలవకపోవుట, బ్రతుకుపై విరక్తి మాటలు మొదలైన వాటిని గుర్తించి వెంటనే తెలియజేయుట.

గత గాయాల ఎరుక: యుద్ధం, హింస, లైంగిక దాడి వంటి అనుభవాలు గలవారికి మూసిన తలుపు, చీకటి, బట్టలు విప్పుట వంటివి పాత భయాన్ని రేపవచ్చును. అటువంటి ప్రేరకాలను ముందే తెలుసుకొని తప్పించుటను నేర్పుతారు.

భాష, సంస్కృతి: రెండు భాషలు తెలిసిన వృద్ధులు కొందరు డిమెన్షియా ముదిరినప్పుడు తరువాత నేర్చిన భాషను మరచి మాతృభాషలోనే మాట్లాడుతారు. పిల్లల వెంట అమెరికాలో స్థిరపడిన తెలుగు వృద్ధులకు కూడా ఈ సమస్య వర్తించును. సంరక్షణ ప్రణాళిక నివాసి సంస్కృతికి తగినట్లు ఉండవలెనని నిబంధనలలో కలదు.

మందులు లేని పద్ధతులు

ప్రవర్తనా సమస్యలకు ముందుగా మందులు లేని పద్ధతులను ప్రయత్నించవలెనని శిక్షణలో నొక్కి చెబుతారు. జరిగినది వర్ణించుట, కారణం శోధించుట, ప్రణాళిక రూపొందించుట, ఫలితం బేరీజు వేయుట అనే నాలుగు మెట్ల ‘డైస్’ పద్ధతి వీటిలో ఒకటి.

స్నానం ఇందుకు మంచి ఉదాహరణ. డిమెన్షియా ఉన్నవారు ఎక్కువగా ప్రతిఘటించే పనులలో స్నానం ఒకటి. 2004లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో రెండు పద్ధతులను పరీక్షించారు. ఒకటి నివాసి ఇష్టాన్ని, సౌకర్యాన్ని బట్టి షవర్ స్నానం చేయించుట. రెండవది వ్యక్తిని పడక మీదనే కప్పి ఉంచి, గోరువెచ్చని తడి తువాళ్ళతో తుడుచుట. రెండు పద్ధతులలోనూ కొట్టుట, తిట్టుట వంటి సంఘటనలు సగానికి పైగా తగ్గాయి.

మందుల వాడకంపై ప్రభావం

డిమెన్షియా ఉన్న వృద్ధులలో యాంటీసైకోటిక్ మందులు మరణాల ముప్పును పెంచుతాయని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2005లో కొత్త తరం మందులపైన, 2008లో పాత తరం మందులపైన తీవ్ర హెచ్చరిక జారీ చేసినది. అయినను 2011 చివరి త్రైమాసికంలో నర్సింగ్ హోంలలో దీర్ఘకాలం ఉంటున్నవారిలో 23.9 శాతం మందికి ఈ మందులు ఇస్తున్నారు. 2012లో సీఎంఎస్ డిమెన్షియా సంరక్షణ మెరుగుదలకు జాతీయ భాగస్వామ్యాన్ని ప్రారంభించి, శిక్షణను అందులో ప్రధానాంశంగా చేసినది. తరువాతి సంవత్సరాలలో ఈ నిష్పత్తి 15 శాతం లోపుకు తగ్గినది.

ఈ తగ్గుదల అంతా నిజమైనది కాదని విమర్శ కలదు. ఈ లెక్కలో స్కిజోఫ్రీనియా, హంటింగ్టన్ వ్యాధి, టూరెట్ సిండ్రోమ్ ఉన్నవారిని చేర్చరు. దీనిని ఆసరాగా తీసుకొని కొన్ని చోట్ల ఆధారం లేకుండానే స్కిజోఫ్రీనియా అని నమోదు చేసినట్లు తేలినది. అందువలన 2023 జనవరిలో సీఎంఎస్ ఈ నమోదులపై ప్రత్యేక తనిఖీలను ప్రకటించినది.

పరిమితులు

శిక్షణ ఫలించుటకు సిబ్బంది నిలకడగా ఉండవలెను. 2021లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం 2017, 2018 సంవత్సరాలలో అమెరికా నర్సింగ్ హోంలలో నర్సింగ్ సిబ్బంది మార్పిడి రేటు సగటున ఏడాదికి 128 శాతం. అనగా ఒకే ఉద్యోగంలో ఏడాదిలోనే ఒకరి తరువాత ఒకరుగా మనుషులు మారుతున్నారు. నివాసి అలవాట్లు, భయాలు తెలిసిన ఎయిడ్ వెళ్ళిపోతే ఆ జ్ఞానం కూడా వెళ్ళిపోతుంది.

సిబ్బంది కొరత మరొక అడ్డంకి. ఒక్కొక్క ఎయిడ్ అనేకమందిని చూడవలసి వచ్చినప్పుడు, నేర్చుకున్న నెమ్మదైన పద్ధతులను పాటించుటకు సమయం చిక్కదు. ప్రతి నివాసికి రోజుకు కనీసం 3.48 గంటల నర్సింగ్ సంరక్షణ ఉండవలెనని 2024లో వచ్చిన నియమాన్ని 2025 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని ఫెడరల్ న్యాయస్థానం కొట్టివేసినది. ఒకసారి వీడియో చూపించి సంతకం తీసుకొనే శిక్షణ కన్నా, అనుభవజ్ఞులు పని జరిగే చోటనే చూపించి, తరువాత కూడా సరిచూసే శిక్షణ ఎక్కువ కాలం నిలుస్తుందని ఈ రంగంలోని వారు భావిస్తారు.

ఇవి కూడా చూడండి

* వృద్ధాప్యం
* అల్జీమర్స్ వ్యాధి
* స్కిజోఫ్రీనియా
* మానసిక ఆరోగ్యం