చెన్నపట్టణపు వేసవి చిరుతిండ్లు

చెన్నపురి సముద్రతీరమున, తిరువల్లిక్కేణి చెంత, గుండ్రని ముఖముగల సౌధ మొకటి కలదు. వివేకానందస్వామి 1897లో అందు బస చేయుటచే నేడది వారి పేర పరగుచున్నను, జనులింకను ఐస్ హౌస్ అనియే యందురు. 1842లో అమెరికా మంచును నిలువ చేయుటకై ట్యూడరు కంపెనీవారు దానిని కట్టించిరి. బోస్టను ప్రాంతపు చెరువులలో శీతకాలమున గడ్డకట్టిన నీటిని కోసి, ఱంపపుపొట్టు కప్పి, నెలల తరబడి ఓడలలో తెచ్చెడివారు. త్రోవలో కరగినది కరగగా, మిగిలినది దొరల పానపాత్రలకు చేరెడిది. ఇచ్చటనే యంత్రములతో మంచు చేయసాగినపిదప ఆ వర్తకము అడుగంటెను.

ఆ మంచునకు చరిత్రకారులు చోటిచ్చిరి. సామాన్యుని చల్లార్చిన తాటిముంజెకు అంత చోటు దొరకలేదు. ఇది నాకు న్యాయముగ తోపదు. అరవవారు నుంగు అనెడి యీ ముంజె వేసవి పొడవునను వీథిమూలలయందు గంపలలో దొరకును. కాయ చెక్కి మూడు కన్నులలోని ముంజెల నూడదీసి యిచ్చువానికి మంచుతో పనిలేదు. లేతవి కావలెనని ముందే చెప్పవలయును. ముదిరినవి పండ్లకు లొంగవు. నాబోటివారు మఱింత జాగ్రత్తపడవలెను!

ప్రొద్దు వాలినపిదప ఆ సౌధమున కెదుటి యిసుకపైకి పొండు. ఉడికిన బఠాణీలలో కొబ్బరియు పచ్చిమామిడియు కలిపిన సుండలును, ఉప్పుకారము చల్లిన మామిడిముక్కలును అచ్చట దొరకును.