స్నానానికి పనికిరాని సాగరం

హైదరాబాద్ ఊరు పుట్టకముందే ఈ హుస్సేన్‌సాగర్ చెరువు పుట్టింది. చార్మినార్ కట్టింది 1591లో. అంతకు దాదాపు 30 ఏళ్ల ముందే, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఏలుబడిలో, హుస్సేన్ షా వలీ దగ్గరుండి ఈ కట్ట పోయించాడు. బల్కాపూర్ కాలువ ద్వారా మూసీ నీళ్లు వచ్చి చెరువు నిండేది. 1930 ప్రాంతం దాకా ఊరివాళ్లు తాగిందీ, ఒళ్లు కడుక్కున్నదీ హుస్సేన్‌సాగర్ నీళ్లతోనే.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరిని ముంచేసింది. వేలమంది కొట్టుకుపోయారు. మళ్లీ అంత నష్టం జరగకూడదని ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. మంచి పనే. కాకపోతే ఊరి దాహం తీర్చే బాధ్యత వాటి మీదకు పోయింది. హుస్సేన్‌సాగర్‌కు కీడు అక్కడే మొదలైందని నా నమ్మకం. తాగే నీళ్లయితే ఊరంతా కాపలా కాస్తుంది. తాగని నీళ్లను ఎవరు చూస్తారు?

తర్వాత సనత్‌నగర్, బాలానగర్, కూకట్‌పల్లి, జీడిమెట్లల్లో ఫ్యాక్టరీలు లేచాయి. ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టాయి, కాదనను. కానీ వాటి రసాయనాలు, వాటి చుట్టూ పెరిగిన బస్తీల, కాలనీల మురుగు కూకట్‌పల్లి నాలాలో కలిసి తిన్నగా ఇక్కడికే వచ్చాయి. పికెట్, బంజారా నాలాలూ తోడయ్యాయి. అన్నిటికన్నా నా గుండె కలుక్కుమనేది బల్కాపూర్ సంగతి తలచుకుంటే. ఒకనాడు మంచినీళ్లు మోసుకొచ్చి చెరువు కడుపు నింపిన ఆ కాలువే మురుగు నాలా అయిపోయింది.

నాలా వచ్చి కలిసే చోట కాసేపు నిలబడి చూడండి. నీళ్లు నల్లగా, చిక్కగా కదులుతుంటాయి. పైన నురగ తేలుతుంటుంది. నురగలో ప్లాస్టిక్ సంచులు, నీళ్ల సీసాలు, ఎవరో విసిరిన పూలదండలు. గాలి ఇటు తిరిగిందంటే పిల్లలు ముక్కు మూసుకుని పరుగెడతారు.

మనం మాత్రం చెరువుకు నగలు తొడుగుతూ వచ్చాం. నీళ్ల మధ్య బుద్ధుణ్ని నిలపాలనుకున్నాం. 1990 మార్చి 10న తరలిస్తుండగా విగ్రహం నీళ్లలో పడింది. పనివాళ్ల ప్రాణాలు పోయాయి. రెండేళ్లకు పైగా అడుగునే ఉండిపోయిన ఆ రాతి విగ్రహాన్ని 1992 డిసెంబర్ 1న పైకి తీసి నిలబెట్టారు. నెక్లెస్ రోడ్డు వేశారు, పార్కులు పెట్టారు, లైట్లు వెలిగించారు. మరోపక్క ఏటా వినాయక నిమజ్జనం అయ్యాక ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముక్కలు, ఇనుప చువ్వలు, రంగులు నీళ్లలో మిగులుతున్నాయి. 2021లో హైకోర్టు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలు ఇక్కడ కలపొద్దంది. ఏర్పాట్లకు సమయం లేదని ప్రభుత్వం మొరపెట్టుకుంటే ఆ ఒక్క ఏడాదికీ సుప్రీంకోర్టు అనుమతించింది.

శుద్ధి కేంద్రాలు కట్టారు, నాలాలు మళ్లించారు, కోట్లు ఖర్చుపెట్టారు. అయినా ఈ నీళ్లలో దిగి స్నానం చేయమని ఏ అధికారీ చెప్పలేడు. ఈసారి మీ కార్పొరేటర్ ఓటడగడానికి వస్తే ట్యాంక్‌బండ్ మీద కొత్త లైట్ల గురించి అడక్కండి. కూకట్‌పల్లి నాలాలో మురుగు ఎప్పుడు ఆపుతారో అడగండి.