ట్రోలింగ్ మోటారు బ్యాటరీలు

సరస్సుల్లో, నదుల్లో గాలంతో చేపలు పట్టే పడవను చప్పుడు లేకుండా, మనిషి నడక వేగంతో నడిపే చిన్న విద్యుత్ మోటారును ట్రోలింగ్ మోటారు అంటారు. దానికి గంటల తరబడి కరెంటు అందించేవి ట్రోలింగ్ మోటారు బ్యాటరీలు. ఈ మోటారు 1934లో అమెరికాలోని ఫార్గో పట్టణంలో రూపుదిద్దుకుంది. దాని మూలసూత్రం నేటికీ పెద్దగా మారలేదు. పడవ ఎంతసేపు తిరగగలదు, ఎంత గాలికి తట్టుకోగలదు అన్నది తేల్చింది మాత్రం ఎప్పుడూ బ్యాటరీయే. కారు విడిభాగాలను పడవలోకి తెచ్చుకోవడంతో మొదలైన ఈ చరిత్ర, పడవ అవసరాలకు తగ్గ బ్యాటరీలు రావడంతో మలుపు తిరిగి, లిథియం దాకా సాగింది.

పూర్వరంగం

బ్యాటరీతో పడవ నడపడం ట్రోలింగ్ మోటారుకన్నా దాదాపు నూరేళ్లు పాతది. 1838లో మోరిట్జ్ హెర్మన్ యాకోబీ అనే ఇంజనీరు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నెవా నదిపై డజను మంది ఎక్కిన పడవను విద్యుత్తుతో నడిపి చూపించాడు. ఆ బ్యాటరీలు మళ్లీ ఛార్జి చేసుకునేవి కావు. లోపలి జింకు కరిగిపోతే కొత్తది వేసుకోవలసిందే. 1859లో ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను గంధకామ్లంలో ముంచి, దిగిపోయాక మళ్లీ ఛార్జి ఎక్కించుకోగల బ్యాటరీని తయారుచేశాడు. 1881లో కామీ ఫోర్ రేకులపై సీసపు ఆక్సైడు ముద్దను పూసే పద్ధతి కనిపెట్టాక ఈ బ్యాటరీల తయారీ ఫ్యాక్టరీలకు ఎక్కింది.

అదే ఏడాది గుస్తావ్ త్రూవే పారిస్‌లో సెన్ నదిపై ఒక చిన్న పడవను నడిపాడు. మోటారును, ప్రొపెల్లరును చుక్కానికే బిగించడం అతని ప్రత్యేకత. మొత్తం అమరికను పడవ నుంచి విడదీసి చేత్తో పట్టుకుపోవచ్చు. ఇవాళ్టి ట్రోలింగ్ మోటారు పోలిక అందులో స్పష్టంగా కనిపిస్తుంది. 1893 నాటి షికాగో ప్రపంచ ప్రదర్శనలో 55 విద్యుత్ పడవలు సందర్శకులను కాలువల్లో తిప్పాయి.

ఈ వైభవం ఎక్కువ కాలం నిలవలేదు. 1909లో ఓలే ఎవిన్‌రూడ్ మిల్వాకీలో పెట్రోలు అవుట్‌బోర్డ్ ఇంజన్ల అమ్మకం మొదలుపెట్టాడు. డబ్బాడు పెట్రోలుతో పోయే దూరాన్ని సీసం బ్యాటరీతో పోవాలంటే పడవలో మనుషులకు చోటు మిగిలేది కాదు. అయితే 1912లో క్యాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు వచ్చింది. ఆ తర్వాత ప్రతి కారులోనూ ఒక బ్యాటరీ, ఒక బలమైన చిన్న మోటారు చేరాయి. ట్రోలింగ్ మోటారుకు ముడిసరుకు అక్కడే దొరికింది.

ఫార్గో, 1934

ఉత్తర డకోటా, మిన్నెసోటా రాష్ట్రాల సరిహద్దులో, రెడ్ నది ఒడ్డున ఉంది ఫార్గో. తూర్పున మిన్నెసోటా అంతా సరస్సులే. ఓ.జి. ష్మిట్ 1934లో ఫోర్డ్ మోడల్ ఎ కారు స్టార్టరు మోటారును తీసుకుని, దానికి ఒంగే కడ్డీని, ప్రొపెల్లరును తగిలించాడు. పొరుగు రాష్ట్రాల పేర్లు కలిపి తన సంస్థకు మిన్ కోటా అని పేరు పెట్టాడు.

మోటారుతోపాటు కారు ప్రపంచపు పరిమితి కూడా పడవలోకి వచ్చింది. స్టార్టరు బ్యాటరీ పని కొద్ది సెకన్లే. ఆ కాసేపట్లో వందల ఆంపియర్లు గుప్పించాలి. ఇంజను అందుకోగానే అది బ్యాటరీని తిరిగి నింపేస్తుంది. అందుకే దాని లోపల పలకలు పలుచగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. ఆమ్లానికి తగిలే వైశాల్యం ఎంత ఎక్కువైతే అంత పెద్ద విసురు. ట్రోలింగ్ మోటారుకు కావలసింది దీనికి పూర్తిగా భిన్నం. పది, ఇరవై, యాభై ఆంపియర్ల చొప్పున పూటంతా లాగుతుంది, మధ్యలో నింపేవారుండరు. ఇలా పూర్తిగా దిగిపోయి ఎక్కడం పలుచటి పలకలు భరించలేవు. వాటి మీది ముద్ద రాలి అడుగున చేరుతుంది, కొన్ని పదుల సార్లకే బ్యాటరీ చేతులెత్తేస్తుంది.

దీనికి జవాబు మందమైన పలకల డీప్ సైకిల్ బ్యాటరీ. సీసంలో యాంటిమొనీ కలిపితే పలక గట్టిపడి, పదే పదే దిగి ఎక్కినా ముద్దను వదలదు. ప్రతిగా నీరు త్వరగా ఇంకుతుంది కాబట్టి డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి. ఈ రకం మొదట ఫోర్క్‌లిఫ్టులకు, గోల్ఫ్ బండ్లకు వచ్చింది. 1952లో అమెరికాకు చెందిన ట్రోజన్ సంస్థ గోల్ఫ్ బండి బ్యాటరీని తయారుచేసింది. గోల్ఫ్ మైదానంలో పనికొచ్చినదే పడవలోనూ పనికొచ్చింది.

బాస్ పోటీలు, పెరిగిన వోల్టులు

1951లో మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్‌లో జి.హెచ్. హారిస్ కాలితో తొక్కి తిప్పే ట్రోలింగ్ మోటారును తయారుచేశాడు. చేతులు రెండూ గాలపు కర్రకే మిగిలాయి. మోటారు పడవ వెనక నుంచి ముందు కొనకు మారింది. 1967లో రే స్కాట్ ఆర్కన్సాలోని బీవర్ సరస్సులో బాస్ చేపల పోటీ పెట్టాడు. మరుసటి ఏడాది బాస్ వేటగాళ్ల సంఘం బి.ఎ.ఎస్.ఎస్. ఏర్పడింది. పోటీ పడవలు పెద్దవయ్యాయి. ఒడ్డు దగ్గరికి పోయి గంటల తరబడి చెట్ల మోళ్ల మధ్య చప్పుడు లేకుండా తిరగడమే గెలుపు కిటుకు అయింది.

పెద్ద పడవను లాగాలంటే ఎక్కువ శక్తి కావాలి. 12 వోల్టుల మోటారుతో దాదాపు 55 పౌండ్ల తోపు (థ్రస్ట్) దాకా వస్తుంది. అప్పుడు అది 50 ఆంపియర్ల వరకు లాగుతుంది. ఆంపియర్లను ఇంకా పెంచుకుంటూ పోతే తీగలు వేడెక్కుతాయి, వాటి మందం పెరగాలి. అందుకని వోల్టులను పెంచారు. అవే 50 ఆంపియర్లకు 12 వోల్టులతో 600 వాట్లు, 24తో 1,200, 36తో 1,800 వస్తాయి. రెండు బ్యాటరీలను వరుసగా కలిపితే 24 వోల్టులు, 80 పౌండ్ల తోపు. మూడు కలిపితే 36 వోల్టులు, 100 పౌండ్లకు పైగా తోపు మార్కెట్‌లో స్థిరపడ్డాయి. పడవ, మనుషులు, సామాను అంతా కలిపి ప్రతి 100 పౌండ్లకు, అంటే 45 కిలోలకు, 2 పౌండ్ల తోపు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. 1,200 కిలోల పడవకు 53 పౌండ్లు వస్తుంది కాబట్టి 12 వోల్టుల మోటారు అంచున ఉన్నట్టే. గాలి, ప్రవాహం ఉన్న చోట 24కు పోవడం మేలు.

మరో మార్పు వేగ నియంత్రణలో వచ్చింది. పాత మోటార్లలో వేగం తగ్గించాలంటే కరెంటును నిరోధక చుట్టల గుండా పంపేవారు. మిగిలిన శక్తి వేడిగా మారి నీళ్లలో కలిసిపోయేది. కరెంటును సెకనుకు వేలసార్లు తెంపి కలిపే ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చాక, నెమ్మదిగా పోతున్నప్పుడు బ్యాటరీ చాలా రెట్లు ఎక్కువసేపు నిలుస్తోంది. మోటారు ఫుల్ స్పీడులో ఉన్నప్పుడు మాత్రం ఈ పద్ధతి వల్ల ఒరిగేదేమీ లేదు.

మూత తీయనక్కరలేని బ్యాటరీలు

నీరు పోయడం, ఆమ్లం చిందడం, పడవ కుదుపులకు పలకలు కదలడం సీసం బ్యాటరీలకు పాత జబ్బులు. 1957లో జర్మనీలోని సోనెన్‌షైన్ సంస్థలో ఒట్టో యాకె ఆమ్లాన్ని చిక్కటి జెల్‌గా మార్చాడు. 1970ల మొదట్లో అమెరికాకు చెందిన గేట్స్ రబ్బరు సంస్థ పలకల మధ్య సన్నని గాజు పీచు చాపలో ఆమ్లాన్ని ఇంకించే పద్ధతి తెచ్చింది. దీన్నే ఏజీఎం అంటారు. ఏజీఎం బ్యాటరీ నీరు అడగదు, వంగినా కారదు, కుదుపులకు తట్టుకుంటుంది, త్వరగా ఛార్జి ఎక్కుతుంది. ధర మామూలు సీసం బ్యాటరీకి ఇంచుమించు రెట్టింపు. జెల్ బ్యాటరీకి ఛార్జింగ్ వోల్టేజి కాస్త ఎక్కువైనా లోపల బుడగలు కట్టి శాశ్వతంగా పాడవుతుంది. అందుకే పడవల్లో జెల్‌ను ఏజీఎం వెనక్కి నెట్టింది.

ఈ దశలోనే ఛార్జర్లు పడవలో భాగమయ్యాయి. వరుసగా కలిపిన బ్యాటరీలకు విడివిడిగా తీగలు పంపి, ఒక్కోదాన్ని దాని అవసరం మేరకు నింపే ఛార్జర్లు వచ్చాయి. సీసం బ్యాటరీ దిగి ఉన్నంతసేపూ పలకల మీద సల్ఫేటు గడ్డకడుతుంది. ఇంటికి రాగానే, ఆ రాత్రే ఛార్జింగ్‌లో పెట్టమని చెప్పడానికి కారణం అదే.

లిథియం, జీపీఎస్

2010 ప్రాంతం నుంచి ట్రోలింగ్ మోటారుకు జీపీఎస్ తోడైంది. మీట నొక్కితే మోటారు తనంతట తాను తిరిగి, గాలికి కొట్టుకుపోకుండా పడవను ఒకే చోట నిలబెడుతుంది. లంగరు పని మోటారు చేయడం మొదలయ్యాక, పడవ కదలకపోయినా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. 2019లో గార్మిన్ ఫోర్స్, లోరెన్స్ ఘోస్ట్ అనే బ్రష్‌లెస్ మోటార్లు 24, 36 వోల్టులకు వచ్చాయి. బొగ్గు బ్రష్షుల రాపిడి లేకపోవడంతో అదే బ్యాటరీతో ఎక్కువ పని జరిగింది.

లిథియం అయాన్ బ్యాటరీలను 1991లో సోనీ మార్కెట్‌లోకి తెచ్చినా, పడవలకు సరిపడే రసాయనం వేరు. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడ్‌ఇనఫ్, అక్షయ పాఢి, సహచరులు 1997లో లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌పై పరిశోధన ప్రచురించారు. కోబాల్టు రకాలతో పోలిస్తే ఇది సులభంగా మండదు, వేలసార్లు ఛార్జి ఎక్కుతుంది. ఒక్కో సెల్లు 3.2 వోల్టులు, నాలుగు కలిపితే 12.8. గుడ్‌ఇనఫ్‌కు లిథియం అయాన్ బ్యాటరీలపై కృషికి గాను 2019లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. పెట్రోలు పడవలకు కఠినమైన పరిమితులున్న జర్మనీలోని స్టార్న్‌బెర్గ్ సరస్సు ఒడ్డున 2005లో మొదలైన టార్కీడో సంస్థ, మోటారుతోపాటే లిథియం బ్యాటరీని అమర్చి అమ్మిన తొలి సంస్థల్లో ఒకటి.

బరువులో తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. గ్రూప్ 31 సైజు సీసం బ్యాటరీ ఒక్కోటి సుమారు 30 కిలోలు. 36 వోల్టుల పడవలో మూడు కలిపి 90. వాటి స్థానంలో పెట్టే లిథియం బ్యాటరీ బరువు ఇందులో సగం కూడా ఉండదు. పైగా చివరి దాకా వోల్టేజి పడిపోదు కాబట్టి సాయంత్రం కూడా మోటారు ఉదయం లాగే లాగుతుంది. వీటికి కొన్ని షరతులున్నాయి. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు ఛార్జి చేయకూడదు. లోపలి రక్షణ సర్క్యూట్ ప్రమాదం పసిగడితే ముందస్తు సూచన లేకుండా కరెంటు ఆపేస్తుంది. సీసం బ్యాటరీల కోసం చేసిన మోటార్లను లిథియంపై ఫుల్ స్పీడులో ఎక్కువసేపు నడపవద్దని తయారీదారులు హెచ్చరిస్తారు.

ఎంపిక లెక్కలు

బ్యాటరీ మీద రాసే ఆంపియర్-అవర్ అంకె సాధారణంగా 20 గంటల లెక్క. 100 ఆంపియర్-అవర్ అంటే 5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు. వేగంగా లాగితే సీసం బ్యాటరీ అంత ఇవ్వదని 1897లో జర్మన్ శాస్త్రవేత్త పాయ్‌కెర్ట్ సూత్రీకరించాడు. ఆ సూత్రంలో సీసం బ్యాటరీకి మామూలుగా వచ్చే 1.25 ఘాతం వేసి చూస్తే, 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ 10 ఆంపియర్ల వద్ద పది గంటలకు బదులు ఎనిమిదిన్నర గంటలే వస్తుంది. 50 ఆంపియర్ల వద్ద రెండు గంటలు రావలసింది గంటా పది నిమిషాల్లోపే అయిపోతుంది. లిథియంలో ఈ నష్టం స్వల్పం.

దీనికి తోడు సీసం బ్యాటరీని సగానికి మించి దింపితే దాని ఆయుష్షు వేగంగా తరుగుతుంది. ఒక పూటలో మోటారు సగటున 15 ఆంపియర్ల చొప్పున ఐదు గంటలు నడిస్తే ఖర్చు 75 ఆంపియర్-అవర్లు. సీసమైతే కనీసం 150 కొనాలి. అంటే రెండు బ్యాటరీలు, 45 కిలోల పైచిలుకు. లిథియమైతే 12, 13 కిలోల 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒక్కటి చాలు. నెలకు ఒకటి రెండు సార్లు చిన్న చెరువులో తిరిగేవారికి మామూలు డీప్ సైకిల్ సీసం బ్యాటరీయే చవక. వారానికి రెండు మూడు సార్లు పొద్దంతా నీటిమీద ఉండేవారికి లిథియం ధర కొన్నేళ్లలో గిట్టుబాటవుతుంది.

సీసం బ్యాటరీ ఛార్జిని ఓల్ట్‌మీటరుతో చూడవచ్చు. కొన్ని గంటలు ఊరికే ఉంచాక 12.6 వోల్టులు చూపితే నిండినట్టు, 12.1 దరిదాపుల్లో ఉంటే సగానికి వచ్చినట్టు. లిథియంలో వోల్టేజి దాదాపు చదునుగా ఉండటంతో ఈ పద్ధతి పనికిరాదు. ఖర్చయిన ఆంపియర్-అవర్లను లెక్కగట్టే మీటరు కావాలి. పాతది, కొత్తది కలిపి వరుసగా పెట్టకూడదు. బలహీనమైనది ముందే దిగిపోయి మిగతావాటినీ ముంచుతుంది. పెద్ద ఇంజను స్టార్టు చేసే బ్యాటరీని ట్రోలింగ్ మోటారుకు వాడకపోవడం పాత నియమం. చీకటిపడ్డాక అది దిగిపోతే తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకు రావలసి వస్తుంది. బ్యాటరీకి దగ్గరలోనే సర్క్యూట్ బ్రేకరు పెట్టాలి. తీగ ఎక్కడైనా ఒరిపిడికి తెగి కలిస్తే మంటను ఆపేది అదే.

తెలుగు ప్రాంతాలతో సంబంధం

కృష్ణా, గోదావరి జలాశయాల్లో పుట్టి మీద, నాటుపడవ మీద వలలతో సాగే వేటలో ట్రోలింగ్ మోటారుకు పెద్దగా చోటు లేదు. బ్యాటరీ మాత్రం పరిచితమే. కరెంటు కోతల కాలం నుంచి ఇళ్లలో ఉన్న ఇన్వర్టరు ట్యూబులర్ బ్యాటరీ డీప్ సైకిల్ రకానిదే. దాని ఆంపియర్-అవర్ అంకె కూడా 20 గంటల లెక్కే. కానీ 150 ఆంపియర్-అవర్ రకం 50 కిలోలు దాటుతుంది, నిలువుగా ఎత్తుగా ఉంటుంది కాబట్టి చిన్న పడవలో ఇమడదు. 1985లో గల్లా రామచంద్ర నాయుడు తిరుపతి దగ్గర స్థాపించిన అమరరాజా సంస్థ, టెలికాం టవర్లకు వాడే సీల్డ్ సీసం బ్యాటరీలతో పేరు తెచ్చుకుని, 2000లో అమరాన్ పేరిట కార్ల బ్యాటరీలను తెచ్చింది. 2023లో తెలంగాణలోని మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో ఆ సంస్థ లిథియం బ్యాటరీల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. పడవల్లో సీసం నుంచి లిథియానికి జరుగుతున్న మార్పే ఇక్కడ వాహనాల విషయంలోనూ సాగుతోంది.

ప్రస్తుత స్థితి

కొత్త బాస్ పడవల్లో 36 వోల్టుల లిథియం మామూలైంది. చిన్న పడవల్లో 12 వోల్టుల సీసం ఇంకా నిలిచి ఉంది. కొనుగోలు ధర తక్కువ, ఎక్కడైనా దొరుకుతుంది, పాతది తిరిగి ఇస్తే సీసం విలువ కొంత వెనక్కి వస్తుంది. సీసాన్ని కరిగించి మళ్లీ బ్యాటరీ చేసే వ్యవస్థ దశాబ్దాల క్రితమే కుదురుకుంది. లిథియం బ్యాటరీల నుంచి లోహాలను వెనక్కి తీసే పరిశ్రమ ఇంకా ఎదుగుతోంది. 1997 తర్వాత వచ్చిన రసాయనం బరువును, కాలాన్ని గెలిచింది; ధరలోనూ, పాతదాన్ని వదిలించుకునే సౌలభ్యంలోనూ ప్లాంటే నాటి సీసానిదే ఇప్పటికీ పైచేయి.